మాటకారితనం లేకపోతే సేల్స్ ఉద్యోగం చేయలేమా?

"సేల్స్‌లో ఉద్యోగం వచ్చింది, కానీ నాకు నలుగురిలో మాట పెగలదు, చేరాలా వద్దా" అని అడిగారు. నేనూ ఇదే లైన్లో పదమూడేళ్ళుగా ఉన్నాను. కానీ నా సంగతి పక్కన పెట్టి మా తాతయ్య గురించి చెబుతాను.

అమ్మకు నాన్న. 1967 నుంచి 1999 దాకా అమలాపురంలో ఒక ఏజెన్సీలో లైను సేల్స్‌మన్‌. బట్టల సబ్బులు, ఒంటి సబ్బులు, అగ్గిపెట్టెలు అమ్మేవారు. ముప్పై రెండేళ్ళు సరుకు అమ్మిన ఆ మనిషి ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. "ఉన్న మాటలన్నీ కొట్లలోనే ఖర్చయిపోతాయి కాబోలు" అనేది అమ్మమ్మ. నిజానికి అక్కడా ఖర్చు పెట్టేవారు కాదు. అది నేను కళ్ళారా చూశాను.

వారంలో ఏ రోజు ఏ ఊళ్ళ కొట్లు తిరగాలో ఆ దారిని ఇప్పుడు మేము బీట్ అంటాం, అప్పుడు లైను అనేవారు. సోమవారం అల్లవరం మీదుగా ఓడలరేవు. బుధవారం ముమ్మిడివరం, కాట్రేనికోన. గురువారం అంబాజీపేట, పి.గన్నవరం. శుక్రవారం బోడసకుర్రు రేవు దాటి పాశర్లపూడి, నగరం. వైనతేయ గోదావరి పాయ మీద అక్కడ అప్పటికి వంతెన లేదు, సైకిలుతో సహా పంటు ఎక్కాల్సిందే. పంటు అవతలి ఒడ్డున ఉంటే అది తిరిగొచ్చేదాకా గట్టు మీద కూర్చుని బిల్లులు కూడుకునేవారు. బిల్లు పుస్తకం తడవకుండా ఎరువు బస్తాల లోపల వచ్చే ప్లాస్టిక్ సంచిలో చుట్టి హ్యాండిల్‌కి కట్టేవారు. కార్బన్ పేపరు తిప్పీ తిప్పీ కుడి చూపుడు వేలు ఎప్పుడూ నీలంగానే ఉండేది. ఊరందరికీ సబ్బులు అమ్మే మనిషి వేలు అదొక్కటే తెల్లబడదని అమ్మమ్మ ఎగతాళి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, సైకిలు కడ్డీకి తుండు చుట్టి నన్ను కూర్చోబెట్టుకుని కాట్రేనికోన లైనుకి తీసుకెళ్ళారు. ఒక కొట్టు బాగా గుర్తు. ఒకావిడ నడిపేది. తాతయ్య సైకిలు స్టాండు వేసి "నమస్కారమండి" అన్నారు, అంతే. బేరాలు ఉన్నాయని పక్కకి తప్పుకున్నారు. పుస్తకం తీయలేదు. ఆవిడ చింతపండు తూస్తుంటే ఈయన అరల వంక చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి తుండుతో సబ్బుల అర దుమ్ము దులిపి, పాత సరుకు ముందుకి జరిపి, కొత్తది వెనక్కి పెట్టారు. ఆ పక్కనే టీపొడి పొట్లాలు ఉన్నాయి. టీపొడి ఈయన అమ్మే సరుకు కాదు. అయినా వాటిని తీసి అవతలి అరలో అటుకుల డబ్బా పక్కన పెట్టి, "వాసన పడుతుందండి" అన్నారు.

"ఆయ్, అదాండీ సంగతి! మొన్నటి నుంచీ మా టీ తాగి సబ్బు కంపు, సబ్బు కంపు అని ఒకటే గోలండి" అంది ఆవిడ.

తర్వాత ఆర్డరు. ఆవిడ నాలుగు డజన్లు రాయమంది. ఈయన రెండే రాశారు. "కాయ దింపు ఇంకో పదిహేను రోజులు ఉంది కదండీ, అప్పుడు చూద్దాం" అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు. కాయ దింపు అంటే చెట్ల నుంచి కొబ్బరికాయలు దింపించడం. కోనసీమలో కొట్టు బేరం కొబ్బరి మీద నడుస్తుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వెయ్యి కాయల ధర పడిందంటే, బారు సబ్బు నిండుగా కొనే ఇంటివాళ్ళు సగానికి కోయించుకుంటారు. వరి ఊళ్ళలో సార్వా, దాళ్వా డబ్బు చేతికొచ్చేదాకా అంతా ఖాతాయే. ఓడలరేవు వైపు వేట ఉంటేనే బేరం. ఏ ఊళ్ళో ఎప్పుడు డబ్బు ఆడుతుందో ఆయన బుర్రలో ఉండేది. అందుకే ఎవరికీ సరుకు అంటగట్టేవారు కాదు. నెలాఖరున టార్గెట్ కోసం కొట్టు నింపేస్తే వచ్చే వారం ఆ గుమ్మం ముందు సైకిలు దిగలేం కదా. (నేను ఆ పని చేశాను. ఒకటికి రెండుసార్లు. దిగలేకపోయాను కూడా.)

ఆయన పద్ధతికి దెబ్బ కూడా తగిలింది, అదీ చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మీకు తెలిసే ఉంటుంది. వెయ్యిమందికి పైగా పోయారు, తోటలకు తోటలే పడిపోయాయి. కొబ్బరి మొక్క పెడితే కాపుకి రావడానికే ఆరేడేళ్ళు. మూడో రోజు తాతయ్య సైకిలు తీశారు. రోడ్డుకి అడ్డంగా చెట్లు ఉన్నచోట దాన్ని భుజాన వేసుకుని దాటారట. రాత్రికి తిరిగొచ్చి బిల్లు పుస్తకం వెనక పేజీలో ఏదో రాసుకున్నారు. మర్నాడు ఏజెన్సీలో ఓనరు వసూళ్ళ లిస్టు అడిగితే ఆ పేజీ చించి ఇచ్చారు. ఎవరి కొట్టు కప్పు లేచిపోయింది, ఎవరి సరుకు తడిసింది, ఎవరింట్లో మనిషి పోయారు, ఇవే ఉన్నాయి అందులో. ఒక్క రూపాయి లెక్క లేదు. రాని బాకీలు సేల్స్‌మన్ జీతంలో పట్టుకోవడం అప్పట్లో మామూలే. ఎనిమిది నెలలు పట్టారు. అమ్మమ్మ గాజులు రెండు ఆ ఎనిమిది నెలల్లోనే పోయాయి. తర్వాత కొందరు తీర్చారు, కొందరు తీర్చలేదు. ఒకాయన ఊరే వదిలి వెళ్ళిపోయాడు. తాతయ్య ఎవరినీ అడగలేదు. ఏజెన్సీ వాళ్ళని జీతం పెంచమనీ అడగలేదు, మానేసినప్పుడు చేతిలో పెట్టింది లెక్క కూడా పెట్టుకోలేదు. పీఎఫ్ లాంటివి ఏమీ లేవు. ఇది మంచితనం అని మా మావయ్య అంటాడు. చేతకానితనం కూడా కొంత ఉందని నా ఉద్దేశం. మీరు మాత్రం జీతం దగ్గర నోరు తెరవండి.

ఉద్యోగంలో చేరండి. మొదటి రెండు నెలలు నోటికన్నా కళ్ళకి ఎక్కువ పని చెప్పండి. కొట్టులోకి వెళ్ళగానే పుస్తకం తీయకండి, ఇప్పుడైతే ఫోను తీయకండి.

తాతయ్య 2019లో పోయారు, కార్తీక మాసంలో. అంతకు ఏడాది ముందు ఆయన్ని అమలాపురంలో ఒక సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్ళాను. నేను బిల్లు కడుతూ చూస్తే మనిషి లేరు. వెతికితే లోపల ఒక రాక్ దగ్గర ఉన్నారు. సబ్బుల పక్కనున్న టీపొడి ప్యాకెట్లు ఒక్కొక్కటే తీసి బిస్కెట్ల వైపు సర్దుతున్నారు. యూనిఫాం కుర్రాడు వెనకే నిలబడి ఏం అనాలో తెలియక నా వంక చూశాడు.

"తాతగారూ, ఇవి సీలు వేసినవండి, వాసన పట్టదండి" అన్నాడు చివరికి.

తాతయ్య ఒప్పుకోలేదు. ఒక ప్యాకెట్ కొనిపించారు. ఇంటికొచ్చి కత్తెరతో మూల కత్తిరించి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టి "చూడు" అన్నారు.

నాకు టీపొడి వాసనే వచ్చింది. "అవును తాతయ్యా, పట్టింది" అన్నాను.