వ్యాపార సందేహాలు: వీధి చివర సూపర్ మార్కెట్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది నర్సీపట్నం. ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాం. మా వారు పోయాక నేనే చూసుకుంటున్నాను. ఆర్నెల్ల క్రితం వీధి చివర పెద్ద సూపర్ మార్కెట్ తెరిచారు. బేరం తగ్గింది. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం అదే పాత బేరం ఉంది. ఎంబీఏ చదివిన మా అబ్బాయి నాలుగు పేజీల ‘స్ట్రాటజీ’ రాశాడు: ఏడాదిలో అమ్మకం రెట్టింపు, అన్నిటి మీదా డిస్కౌంటు, ఇంటికి డెలివరీ, రాత్రి పదకొండు దాకా కొట్టు, ఒక యాప్. ఇదేనా వ్యూహమంటే? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన ఆ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. అబ్బాయి కష్టపడి రాశాడు, కొట్టు మీద ప్రేమ కనిపిస్తోంది. కానీ అమ్మకం రెట్టింపు కావాలన్నది కోరిక. మిగతావన్నీ ఆ సూపర్ మార్కెట్ వాళ్లు ఇప్పటికే చేస్తున్న పనులు, మీకన్నా ఎక్కువ డబ్బు పెట్టి చేస్తున్నారు. వాళ్ల పని వాళ్లకంటే తక్కువ డబ్బుతో చేసి గెలుస్తామనుకోవడం నాకు భయంగా ఉంది.

భారతంలో వ్యూహమంటే సైన్యాన్ని నిలబెట్టే అమరిక. ముందు ఎవరు, రెక్కల్లో ఎవరు, వెనక కాపు ఎవరు అన్నది. ఒకరు నిలబడ్డ చోటు పక్కవాడికి బలం కావాలి. పద్మవ్యూహంలోకి అభిమన్యుడు చొచ్చుకుపోయాడు గానీ, వెంట రావాల్సిన వాళ్లను సైంధవుడు వాకిట్లోనే ఆపేశాడు. వీరత్వానికి లోటు లేదు, తెగిపోయింది వెనక అమరిక. ఇవాళ డిస్కౌంటు, రేపు లక్కీ డ్రా అనేవి ఎత్తుగడలు. అవి కూడా కావాలి. కానీ అవి నిలబడడానికి కింద ఒక అమరిక ఉండాలి.

నేను కళ్లారా చూసిన అమరిక ఒకటి చెబుతాను. నలభై ఏళ్లకు పైగా పేపరు ఏజెన్సీ నడిపినవాణ్ణి. 1974లో విశాఖలో సైకిల్ మీద పేపర్లు వేసే కుర్రాణ్ణి. అప్పట్లో పెద్ద తెలుగు పత్రికలు విజయవాడలో అచ్చయి, మూడొందల యాభై కిలోమీటర్లు రైల్లో వచ్చేవి. కట్టలు విప్పి మా లైన్లలో వేసేసరికి మధ్యాహ్నం. ఆఫీసుకు వెళ్లినాయన సాయంత్రం వచ్చి, పొద్దున రేడియో చెప్పేసిన వార్త చదువుకునేవాడు. ఎవరూ దాన్ని లోపం అనుకోలేదు. విశాఖలో పేపరంటే అలాగే వస్తుందనుకునేవాళ్లం.

ఆ ఆగస్టు 10న రామోజీరావు ‘ఈనాడు’ను విశాఖలోనే మొదలుపెట్టారు. పత్రికలకు పుట్టిల్లు విజయవాడ. అనుభవమున్నవాళ్లు, ఏజెంట్లు, ప్రకటనలు అన్నీ అక్కడే. ఆయన ప్రెస్సు ఇక్కడ పెట్టారు. తెల్లవారకముందే కట్ట మా చేతికొచ్చింది, కాఫీ వేళకి పేపరు గడపలో ఉంది. మా లైన్లో ఇళ్లు ఒక్కొక్కటిగా దానికి మారడం చూశాను.

మిగతా పత్రికలు ఎందుకు వెంటనే అలా చేయలేకపోయాయి? ఇన్నేళ్లూ దీని గురించి ఆలోచించాను. వాళ్ల తెలివికి తక్కువేం లేదు. వాళ్ల ప్రెస్సు, మనుషులు, బళ్లు అన్నీ విజయవాడ చుట్టూ అమరి ఉన్నాయి. వాళ్లకు విశాఖ దారి చివరి ఊరు. అక్కడ తెల్లారేసరికి పేపరు వేయాలంటే ఇంకో ప్రెస్సు పెట్టాలి. ఒక్క చివరి ఊరి కోసం అంత ఖర్చా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంకో సంగతి గమనించండి. ఈనాడు విజయవాడలో అచ్చు మొదలుపెట్టింది 1978లో. అంత పెద్ద మార్కెట్‌ను దాదాపు నాలుగేళ్లు ఆగి పట్టుకోవడం నాకు ధైర్యంగా కనిపిస్తుంది.

1989లో జిల్లా పేజీలు వచ్చాయి. చిన్న సైజులో, జిల్లాకొకటి. మండలాల్లో విలేకరులు, మన ఊరి కల్వర్టు, మన హైస్కూలు ఫలితాలు. రాష్ట్రమంతా కనపడే ప్రకటనకి అంత డబ్బు ఇవ్వలేని అనకాపల్లి బట్టల కొట్టాయన, జిల్లా పేజీలో తక్కువ రేటుకి దసరా ప్రకటన ఇచ్చాడు. ఊరి వార్త వల్ల ఊళ్లో చందాదారులు, వాళ్లుండబట్టి ఊరి ప్రకటనలు, ఆ డబ్బుతో ఇంకో విలేకరి. ఒకదాన్ని ఒకటి మోస్తున్నాయి చూడండి. నా లెక్కలో వ్యూహమంటే ఇదే.

ఇంత చూసి కూడా నేను తప్పు చేశాను. తర్వాత రోజుల్లో ఏజెన్సీలోనే స్టేషనరీ, కూల్‌డ్రింకులు, కొరియర్ అన్నీ పెట్టాను. పొద్దున నాలుగింటికి కట్టలు లెక్కపెట్టాల్సిన నేను రాత్రి పన్నెండు దాకా బిల్లులు రాసేవాణ్ణి. పేపరు ఏడున్నరకి వెళ్లడం మొదలైంది. చందాదారులు పోట్లాడలేదు, నెలాఖరున మానేశారంతే. రెండేళ్లలో రెండు లైన్లు పోయాయి.

ఇక మీ కొట్టు. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘పెళ్లిళ్ల సీజన్లో మాత్రం అదే పాత బేరం ఉంది.’ అమ్మా, ఖాతా పుస్తకం తీసి, నిరుడు పెళ్లి సరుకులు, దినాల సరుకులు, వ్రతాల సరుకులు ఎన్ని ఇళ్లకి వెళ్లాయో అబ్బాయి చేత రాయించండి. వంటమేస్త్రీ రాసిన చీటీ చూసి కందిపప్పు చాలదని ముందే చెప్పగలిగేది మీరు. మిగిలిన సరుకు, మూట విప్పకపోతే, వెనక్కి తీసుకునేది మీరు. చదివింపులు లెక్కపెట్టాక డబ్బిస్తామంటే, ఆ ఇంటి పరువు తెలుసు కనక సరేననేదీ మీరే. ఆ సూపర్ మార్కెట్ మేనేజరు మంచివాడే కావచ్చు. అయినా అరువివ్వాలన్నా, వారం తర్వాత నూనె డబ్బాలు వెనక్కి తీసుకోవాలన్నా పైవాళ్లను అడగాలి. వాళ్ల పద్ధతి అంతా చేతిలో డబ్బు, బిల్లు మీద నడిచేది.

ఈ దారి పడితే కొన్ని వదలాలి. షాంపూలు, బిస్కట్ల అరలు సగానికి తగ్గించండి, ఆ చోట బియ్యం, బెల్లం, చింతపండు మూటలు పెట్టండి. రాత్రి పదకొండు మాట వద్దు. ముహూర్తాల నెలల్లో తెల్లవారుజామున తెరవండి. యాప్ డబ్బుతో ఒక పాత ట్రాలీ ఆటో కొనండి. చుట్టుపక్కల వంటమేస్త్రీలందరి ఫోను నంబర్లూ అబ్బాయి దగ్గర ఉండాలి. మూఢాల్లో బేరం ఉండదు, కనక అరువు ఎంతవరకో ముందే గీత గీసుకోండి. ఇందులో నాకున్న భయం అదొక్కటే. మీ పుస్తకంలో పెళ్లిళ్లు పదికి మించి లేకపోతే నా సలహా పక్కన పెట్టి, ఆ లెక్కతో మళ్లీ రాయండి.

ప్రశ్న: ఇంట్లో అప్పడాలు చేసి అమ్ముతాం. కొత్తవాళ్లు కిలోకి ఇరవై రూపాయలు తక్కువకి ఇస్తున్నారు. మేమూ తగ్గించాలా? - ఒక పాఠకుడు, తుని

జవాబు: అప్పుడే వద్దు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో సబ్బు పొడి చేసి, సైకిల్ మీద తిరిగి అమ్మారు. అదే నిర్మా. కిలో మూడు, మూడున్నర రూపాయలు. సర్ఫ్ ధర దానికి మూడు రెట్ల పైనే. అలాగని సర్ఫ్ చేసే హిందుస్థాన్ లీవర్ దాన్ని నిర్మా ధరకి దించలేదు. సర్ఫ్ కొనడం ఎందుకు లాభమో ప్రకటనల్లో చెప్పి, ఎనభైల చివర్లో చవక బేరానికి ‘వీల్’ అని వేరే పొడి తెచ్చింది. ఆలస్యమైంది, ఈలోపు చాలా మార్కెట్ నిర్మాకి పోయింది. ఆ ఆలస్యం మీరు చేయకండి. ముందు వాళ్ల అప్పడాల కట్ట ఒకటి కొని, మీవాటి పక్కనే ఒకే నూనెలో వేయించండి. ఎంత పొంగాయో, నూనె ఎంత పీల్చాయో చూసి, హోటళ్లవాళ్లు కొంటున్నారో ఇళ్లవాళ్లు కొంటున్నారో కూడా కనుక్కుని నాకు రాయండి.