చదువు ఆపి ఈతకే పరిమితం కావాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో రెండేళ్లపాటు వరుసగా పతకాలు తెచ్చాడు. ఈ ఏడాది టైమింగ్ అక్కడే ఆగిపోయింది. ఒకప్పుడు వాడి వెనక వచ్చినవాళ్లు ఇప్పుడు దాటిపోతున్నారు. చదువు ఆపేసి రోజంతా పూల్‌లోనే ఉంటానంటున్నాడు. ఒప్పుకోమంటారా?

జవాబు: ఒప్పుకోవద్దు. ఈత మాన్పించమని కాదు, చదువు మాత్రం ఆపనివ్వకండి.

మీరు రాసినదాంట్లో టైమింగ్ ఆగిపోవడం కన్నా, మొదట్లో రెండేళ్లు వరుసగా గెలిచాడన్న మాటే నన్ను ఆలోచింపజేసింది. పదమూడు, పద్నాలుగేళ్ల పోటీల్లో తరచూ గెలిచేది ముందుగా ఎదిగిన పిల్లలే. ఎత్తు, భుజబలం తోటివాళ్ల కంటే ముందే వచ్చేస్తే 50 మీటర్లకు అది చాలు, టెక్నిక్‌లో లోపాలున్నా బయటపడవు. తర్వాత మిగతా పిల్లలూ ఎదుగుతారు, ఆ తేడా కాస్తా పోతుంది. మీవాడి ఎత్తు ఈ ఏడాది ఎంత పెరిగిందో చూడండి. పెద్దగా పెరగకపోతే టైమింగ్ ఎందుకు ఆగిందో చాలావరకు తెలిసినట్టే. అలాంటప్పుడు గంటలు పెంచితే వచ్చేది భుజం నొప్పే.

ఇప్పుడు దృష్టి పెట్టాల్సింది చిన్న చిన్న విషయాల మీద. 2016 రియో ఒలింపిక్స్ 50 మీటర్ల ఫైనల్లో ఆంథనీ ఎర్విన్ 21.40 సెకన్లలో, ఫ్లోరాన్ మనోడూ 21.41లో ముగించారు. బంగారానికి, వెండికి మధ్య ఉన్నది సెకనులో వందో వంతు. స్టార్టింగ్ బ్లాక్ (పూల్ అంచున దూకే దిమ్మె) మీద వెనక కాలు దాని వాలు పలకను ఎంత బలంగా తన్నుతోంది, చేతులు దూరిన చోటే తుంటీ కాళ్లూ నీళ్లలోకి దిగుతున్నాయా లేక పొట్ట నీటికి కొట్టుకుంటోందా, తల బయటికి వచ్చేసరికి వేగం మిగిలి ఉందా అన్నవి గమనించాలి (15 మీటర్లు దాటేలోపు తల బయటికి రావాల్సిందే, అది రూలు). ఆఖరి స్ట్రోక్‌లో చెయ్యి చాపి గోడను తాకుతున్నాడా, సగం స్ట్రోక్ దగ్గర తేలిపోతున్నాడా? ఇవన్నీ వీడియో తీసి కోచ్‌తో కూర్చుని చూడాల్సినవి. రోజంతా ఈదినంత మాత్రాన బాగుపడేవి కావు.

ఇక వయసు సంగతి. స్ప్రింట్‌లో పదిహేనేళ్లకే ఏదీ తేలిపోదు. ఎర్విన్ పందొమ్మిదేళ్లకు, 2000 ఒలింపిక్స్‌లో, గ్యారీ హాల్ జూనియర్‌తో సమానంగా వచ్చి స్వర్ణం పంచుకున్నాడు. 2003లో ఈత వదిలేశాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, పైన చెప్పిన రియో పందెం గెలిచేనాటికి అతనికి 35. డారా టోరెస్ 2008 ఒలింపిక్స్‌లో 41 ఏళ్ల వయసులో 50 మీటర్ల రజతం గెలిచింది. ఆమెకు స్వర్ణం తప్పిందీ ఆ వందో వంతుతోనే.

మీవాడికి తప్పక చెప్పాల్సింది ఆస్ట్రేలియా ఈతగాడు కామెరాన్ మెకెవాయ్ గురించి. యూనివర్సిటీలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివినవాడు. టోక్యో ఒలింపిక్స్ తర్వాత కొంతకాలం ఈతకు దూరంగా ఉండి, తిరిగొచ్చాక పూల్‌లో ఈదే దూరం బాగా తగ్గించి బలం పెంచే వ్యాయామాల మీద పడ్డాడు. 2023లో ప్రపంచ ఛాంపియన్, 2024 పారిస్‌లో 21.25 సెకన్లతో ఒలింపిక్ ఛాంపియన్. అయితే అది చూసి మీవాడు ఇప్పుడే దూరం తగ్గించేయకూడదు. మెకెవాయ్ వెనక ఏళ్ల తరబడి ఈదిన పునాది ఉంది, పదిహేనేళ్ల పిల్లాడు దాన్ని ఇంకా కట్టుకోవాలి.

ఒక్క 50 మీటర్లే ఈదుతానంటే కూడా వద్దనండి. ఒలింపిక్స్ వ్యక్తిగత పోటీల్లో ఒక్కో ఈవెంట్‌కు దేశానికి గరిష్ఠంగా ఇద్దరికే చోటు. 100 మీటర్లు బాగా ఈదేవాడికి 4×100 రిలే దారి కూడా ఉంటుంది. హీట్స్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే తొలి రౌండ్‌లో) ఈది ఫైనల్‌కు దిగనివాళ్లకు కూడా, జట్టు గెలిస్తే పతకం ఇస్తారు.

డబ్బు విషయం దాచడం నాకిష్టం లేదు. ఈత మీదే హాయిగా బతికేవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద కొద్దిమందే. చాలామంది స్కాలర్‌షిప్, సమాఖ్య ఇచ్చే భత్యం, ఇంటివాళ్ల సాయంతో నెట్టుకొస్తారు. కోచింగ్, ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ లాంటి వృత్తుల్లో ఈతగాడి అనుభవం పనికొస్తుంది, కానీ వాటికీ చదువు కావాలి. అసలు ఇంట్లో టెన్షన్ పెంచేది ఏ రేసులో ఓడినా ‘అంతా అయిపోయింది’ అనిపించే పరిస్థితి. చదువు నడుస్తుంటే ఆ భారం కొంత తగ్గుతుంది.

కాబట్టి వాడితో ఇలా మాట్లాడుకోండి: ఒక ఏడాది పాటు చదువూ ఆగదు, శిక్షణ గంటలూ పెరగవు. మొదటి 15 మీటర్ల టైమింగ్, చివరి 5 మీటర్ల టైమింగ్ విడిగా రాసుకుంటాడు. మొత్తం టైమింగ్ కదలకపోయినా ఆ రెండూ తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. ఈలోగా ఎవరో చెప్పారని ప్రొటీన్ డబ్బాలు, బలం మాత్రలు కొనకండి. నిషేధిత పదార్థం వాటి ద్వారా ఒంట్లోకి వెళ్లినా, తెలియక తిన్నానంటే సరిపోదు, బాధ్యత క్రీడాకారుడిదే. జలుబు మందు వేసుకోవాల్సి వచ్చినా డాక్టరుకు పోటీల్లో ఈదుతాడని ముందే చెప్పండి.