బెంగళూరు చలి ఉదయాల్లో కుక్కతో ఆడే ఆటలు: ముక్కుకు పని చెప్పండి

నమస్కారం. మీ మూడేళ్ల లాబ్రడార్‌ను రాజమహేంద్రవరం నుంచి బెంగళూరుకు తెచ్చుకున్నాక ఇదే మొదటి చలికాలమని, పొద్దున్నే బంతి విసిరితే రెండుసార్లు తెచ్చి ఊరుకుంటోందని, ఇంటికి వచ్చాక మాత్రం చెప్పులూ సోఫా దిండ్లూ కొరుకుతోందని రాశారు. మా ఇంట్లో జున్ను అనే ఆరేళ్ల నాటు కుక్క ఉంది. దానితో ఈ ఊళ్లోనే ఐదు చలికాలాలు గడిపిన అనుభవంతో చెబుతున్నాను: కొన్నాళ్లు బంతిని పక్కన పెట్టి దాని ముక్కుకు పని చెప్పండి.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కనుక డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున వేడి 15 డిగ్రీల దాకా దిగి, మధ్యాహ్నానికి మళ్లీ 27 దాకా ఎక్కుతుంది. ఎండెక్కి నేల వెచ్చబడేదాకా గాలి చల్లగా, తేమగా ఉంటుంది, వాసనలు చెదరకుండా గడ్డిని అంటిపెట్టుకుని ఉంటాయి. పైగా కుక్క వదిలే ఊపిరి ముక్కుపుటాల పక్కనున్న చీలికల గుండా బయటికి పోతుంది కాబట్టి, లోపలికి వచ్చే వాసనకు అది అడ్డు రాదు. ఉదయం 7 గంటలకు సూటిగా జాడ పట్టే జున్ను, 10 గంటలకు అదే చోట అటూ ఇటూ తిరిగి అలసిపోవడం నేను చాలాసార్లు చూశాను.

మాకు అన్నింటికన్నా బాగా కుదిరినది జాడ ఆట. ఉప్పు, కారం, ఉల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసం ముక్కను పలుచని గుడ్డలో మూటకట్టి, దారంతో నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లి, చివర ఒక పూలకుండీ వెనుక నాలుగు ముక్కలు దాచాలి. మీరు ఈ పని చేస్తున్నంతసేపూ కుక్క ఇంట్లోనే ఉండాలి. మొదటిరోజే నేను 30 మీటర్ల జాడ, అందులో రెండు మలుపులు పెట్టాను. జున్ను సగం దూరం వెళ్లి కూర్చుండిపోయింది, మరునాడు ఆటకు రమ్మని తాడు చేతిలోకి తీసుకున్నా లేవలేదు. మీరు ఆ తొందర పడవద్దు. ఐదు మీటర్ల తిన్నని జాడతో మొదలుపెట్టి, వరసగా మూడు రోజులు సులువుగా గెలిచిన తరువాతే ఒక మలుపు చేర్చండి. పొడవాటి తాడును మెడపట్టీకి కాక ఒంటికి తొడిగే హార్నెస్‌కు కట్టండి, లేకపోతే తల దించినప్పుడల్లా మెడ లాగుతుంది. చేత్తో దారి చూపకండి, చూపితే అది నేలను వదిలి మీ చేతినే చూడటం నేర్చుకుంటుంది. జున్ను జాడకు రెండడుగులు పక్కగా నడిస్తే తప్పిపోయిందనుకుని నేను వెనక్కి లాగేదాన్ని. గాలి వాసనను పక్కకు జరుపుతుందనీ, అది సరైన దారిలోనే ఉందనీ నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఎండుటాకులు రాలే చోట వాటిని కుప్పగా పోసి, ఉదయపు తిండిలో సగం అందులో చల్లడం ఇంకా తేలిక. ముందు కర్రతో కుప్పను కదిపి, తేళ్లూ గాజుముక్కలూ లేవని చూసుకోండి. లాబ్రడార్లు త్వరగా ఒళ్లు చేస్తాయి కనుక ఈ తిండి రోజువారీ కొలతలోదే కావాలి. ఇలా ఆడిస్తే రోడ్డు మీద పడినవన్నీ తినడం అలవాటవుతుందేమోనని మీకు అనిపించవచ్చు. మేము 'వెతుకు' అన్న మాట చెప్పినప్పుడే ఆట ఆడిస్తాము, మిగతా వేళల్లో నేల మీదిది ముట్టుకోబోతే 'వద్దు' అంటాము. ఈ తేడా అది పదిహేను రోజుల్లో నేర్చుకుంది. ఇద్దరు మనుషులుంటే దాగుడుమూతలు కూడా ఆడవచ్చు, దానికి తిండే అక్కర లేదు.

ఈ ఆటలన్నీ అపార్టుమెంటు ఆవరణలోనో, గోడ ఉన్న మేడ మీదనో ఆడండి. వీధిలో తిండి చల్లితే ఆ వీధి కుక్కలు తమ చోటు కాపాడుకోవడానికి మీదికి వస్తాయి, తప్పు వాటిది కాదు. కబ్బన్ పార్కు వంటి చోట్ల తాడు వదలకుండా, అది ఎటు లాగితే అటు నడుస్తూ వాసన చూడనివ్వడమే మంచి ఆట.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. లాబ్రడార్లలో తుంటి కీళ్ల లోపం తరచుగా కనిపిస్తుంది. బంతి రెండుసార్లకే ఆపేయడంతో పాటు, పడుకుని లేచేటప్పుడు వెనుక కాళ్లు బిగుసుకున్నట్టు ఉంటే ముందు పశువైద్యునికి చూపించండి. అలాంటిదేమీ లేకపోయినా, పది నిమిషాలు నెమ్మదిగా నడిపించిన తరువాతే ఆట మొదలుపెట్టండి.

ఆట పదిహేను నిమిషాలు చాలు. ఆ తరువాత మంచుకు తడిసిన పొట్టను తువ్వాలుతో తుడిచి, కాలివేళ్ల మధ్యా చెవుల లోపలా పిడుదులు పట్టాయేమో చూస్తాను. అది పూర్తికాగానే జున్ను బాల్కనీలో ఎండ పడే మూలకు వెళ్లి పడుకుంటుంది, మధ్యాహ్నం దాకా చెప్పుల జోలికి రాదు.