జైళ్ళలో పోరగాళ్ళు ఎక్కువవుతున్నారా, తక్కువవుతున్నారా?

మీరడిగింది ఇదీ: "మా ఊళ్ళో ఏడాదిలో ముగ్గురు పోరగాళ్ళు లోపలికి పోయిన్రు. నిజంగానే సంఖ్య పెరుగుతోందా, మాకే అట్లా అనిపిస్తోందా?"

నల్లగొండలో కోర్టు దగ్గర పదిహేనేళ్ళుగా జిరాక్సు, టైపింగు షాపు నడుపుతున్నాను. వకీలును కాదు. బెయిలు కాగితాలు రోజూ నా మెషిన్ మీదుగా పోతుంటాయి, ఒకసారి మా ఇంటివే పోయాయి. ఆ రెండూ కలిపి చెబుతున్నా.

18 నిండనివాళ్ళ మీద కేసులు పెరగలేదు, కొంచెం తగ్గాయి కూడా. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 2016లో 35,849 కేసులు, 2022లో 30,555. అలా దొరికినవాళ్ళలో నాలుగింట మూడొంతుల పైన 16 దాటినవాళ్ళే. 18 నిండినవాళ్ళ సంగతి అట్లా లేదు. జైళ్ళలో విచారణ ఖైదీలు 2012లో దాదాపు 2.55 లక్షలుంటే 2022 నాటికి 4.34 లక్షలయ్యారు. ఆ ఏడాది మొత్తం ఖైదీల్లో నూటికి 76 మంది వాళ్ళే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. వాళ్ళలో కుర్రాళ్ళ వాటా చాలా పెద్దది. కాకపోతే జైలు లెక్కల్లో 18 నుంచి 30 వరకు ఒకే గడి. మీసాలు సరిగ్గా రాని పిలగాడు, ఇద్దరు పిల్లల తండ్రి అందులో పక్కపక్కనే ఉంటారు.

ఇక మా సంగతి. 2019 మార్చిలో తిప్పర్తి వైపు ఉండే మా అక్క కొడుకును బండి దొంగతనం కేసులో పట్టుకున్నారు. బండి తీసింది వాడి దోస్తు, వీడు వెనక కూర్చున్నాడు. (కూర్చోవడమూ తప్పే, వాడిని వెనకేసుకు రావడం లేదు.) ఆధార్ చూసి వయసు 18 అని రాసి రిమాండ్ చేశారు. ఏ స్టేషన్ అన్నది వదిలేద్దాం. ఆధార్‌లో పుట్టినరోజు 01-01-2001. మన ఊళ్ళలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు కదా! ఎన్‌రోల్ చేసిన పిల్లగాడు అడిగాడు, అక్క "గుర్తులేదు" అంది, వాడు జనవరి ఒకటని టైపు కొట్టేశాడు. ఆ ఆధార్ జిరాక్సు తీసి వకీలు చేతికిచ్చింది నేనే. తేదీ వైపు చూడనే లేదు.

పన్నెండో రోజున అక్క షాపుకొచ్చింది. జామీను కోసం ఇంటి పన్ను రసీదు, పంచాయతీ వాళ్ళిచ్చిన ఇంటి విలువ పత్రం ఒక బట్టల షాపు కవర్లో పెట్టుకొచ్చింది. అడుగున వాడి టెన్త్ మెమో. "తమ్మీ, గిది గూడ పనికొస్తదా?" మెషిన్ మూత ఎత్తి, మెమో బోర్లా పెట్టబోతూ చూశాను. 14-08-2002. అంటే పదహారేళ్ళ ఏడు నెలలు. మూత అట్లాగే వదిలేసి వకీలు దగ్గరికి ఉరికాను.

వయసు మీద సందేహం వస్తే జువైనల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం ముందు చూడాల్సింది బడి సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరుసలో లేదు. 2024లో సుప్రీంకోర్టు కూడా ఒక యాక్సిడెంటు పరిహారం కేసులో ఆధార్ కంటే స్కూలు సర్టిఫికెట్‌నే నమ్మింది. 18 నిండనివాళ్ళను లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు, 24 గంటల్లో జువైనల్ బోర్డు (పిల్లల కేసులు చూసే బోర్డు) ముందు పెట్టాలి. మెమో చూపించాక కేసు బోర్డుకు మారింది, వారంలోపే వాడు ఇంటికొచ్చాడు. వచ్చాక కొన్నాళ్ళు ఎవరు పేరు పెట్టి పిలిచినా లేచి నిలబడి తండ్రి పేరు కూడా చెప్పేవాడు. లోపల హాజరు అట్లా పలకాలట.

వాడి దోస్తుకు 19. బెయిలు వీడికంటే ముందే వచ్చింది. కానీ ఇద్దరు జామీనుదారులు దొరక్క రెండు నెలల పైనే లోపల ఉన్నాడు. తండ్రి లేడు, ఉన్న ఇల్లు రేకులది, దొంగతనం కేసంటే చుట్టాలు సంతకానికి రాలేదు. జైళ్ళు నిండటం గురించి నన్నడిగితే నేరాలకంటే ముందు ఈ సంతకాల గురించే చెబుతాను. ఇప్పుడు నా కౌంటరు దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింది కేసులు (పదిహేడేళ్ళ అమ్మాయితో వెళ్ళిపోయిన ఇరవయ్యేళ్ళ అబ్బాయిలు), విజయవాడ హైవే మీద దొరికే గంజాయి కేసులు. గంజాయి 20 కిలోలు దాటితే బెయిలు మాట మరిచిపోవచ్చు.

మీ ఊరి ముగ్గురికి పనికొచ్చేవి చెబుతాను. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్ళయి, పడే అవకాశమున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిచిపోతే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 479 కింద వదలమని అడగొచ్చు. యావజ్జీవం, ఉరి పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. డబ్బు లేక బెయిలు ఆగితే, పేద ఖైదీల కోసం 2023లో పెట్టిన కేంద్ర పథకం కింద సాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఫీజు ఉండదు. ముగ్గురిలో ఎవరి వయసైనా 18, 19 అని రాసుంటే మాత్రం ఇవాళే వాళ్ళ ఇంటికెళ్ళి టెన్త్ మెమో తీయించండి. ఆ మాట కేసు ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా, కోర్టు ముందు పెట్టొచ్చు.