ఎర్ర తెర వెనక మనల్ని ఎవరూ చూడరు

ప్రశ్న: అక్కయ్యగారూ, నమస్తే. మాది బెంగళూరు, మారతహళ్ళి. నాకు 58, మావారికి 64. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నవంబరులో రమ్మన్నాడు. కినోసాకి అనే వేణ్ణీళ్ళ బుగ్గల ఊళ్ళో రెండు రాత్రులకు గది కూడా తీసుకున్నాడట. అక్కడ ఒంటిమీద నూలుపోగు లేకుండా పదిమందిలో నీళ్ళలోకి దిగాలని కోడలు నవ్వుతూ చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేం శాకాహారులం. నాకు మోకాళ్ళ నొప్పులు, ఆయనకు బీపీ. వెళ్ళమంటారా, మానమంటారా?

జవాబు: వెళ్ళండి చెల్లెమ్మా. మీ ఉత్తరంలో నాకు నేనే కనిపించాను. మమ్మల్నీ మా అమ్మాయి ఆ ఊరికే తీసుకెళ్ళింది. మా చెన్నై వెస్ట్ మాంబళంలో మే నెలలో కుళాయి తిప్పితే చాలు వేణ్ణీళ్ళే వస్తాయి, దానికోసం జపాను దాకా ఎందుకే అన్నాను. బదరీనాథ్ తప్తకుండంలో చీర కట్టుకుని మునిగినదాన్ని. ఆ చీర కూడా వద్దంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు ఆ సంగతే. ఆడవాళ్ళ స్నానాల గది వేరు, మగవాళ్ళది వేరు. గుమ్మానికి గుడ్డ తెర వేలాడుతుంది. మామూలుగా ఎరుపు మనది, నీలం వాళ్ళది. కొన్ని బసల్లో రాత్రి ఆడవాళ్ళకిచ్చిన గదిని తెల్లారేసరికి మగవాళ్ళకి మార్చేస్తారు, రెండు గదుల్లోని తొట్లూ అందరికీ దక్కాలని. మావారు రాత్రి వెళ్ళిన ఎడమచేతి గుమ్మం గుర్తుపెట్టుకుని, పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ అటే బయల్దేరారు. నేల తుడుస్తున్నావిడ రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపకపోతే ఆ కథ నేను పత్రికలో రాసే వీలుండేది కాదు. గుమ్మం కాదు, తెర రంగు చూడమనండి మీవారిని.

లోపల బట్టలన్నీ బుట్టలో పెట్టేసి, చేతిలో చిన్న తువ్వాలు ఒక్కటే ఉంచుకోవాలి. గోడ వెంబడి చిన్న చిన్న పీటలు, ఒక్కోదాని ముందు షవరు, సబ్బు. పీట మీద కూర్చుని తీరిగ్గా ఒళ్ళు రుద్దుకోండి. నురగ మొత్తం పోయాకే తొట్టిలోకి దిగాలి. అక్కడ తొట్టి మురికి వదిలించుకునే చోటు కాదు. మనం కాళ్ళు కడుక్కుని గుళ్ళోకి వెళ్ళినట్టు వాళ్ళు ఒళ్ళంతా కడుక్కుని నీళ్ళలోకి వెళ్తారు. జుట్టు ముడేసుకోండి, నీళ్ళకి తగలకూడదు. తువ్వాలు కూడా ముంచకూడదు, మడిచి నెత్తిమీద పెట్టుకుంటారు.

ఇక సిగ్గు. నేను తువ్వాలు ముందుకు అడ్డం పట్టుకుని దొంగలా గోడవారగా నడిచాను. నా పక్క పీట మీద ఎనభై దాటినావిడ తన వీపు తను రుద్దుకుంటోంది, నావైపు చూడనైనా లేదు. ఇద్దరు కాలేజీ పిల్లలు వాళ్ళ కబుర్లలో వాళ్ళున్నారు. ఆ గదిలో వింతగా ఉన్నది నక్కి నక్కి నడుస్తున్న నేనొక్కదాన్నే. రెండో స్నానానికి తువ్వాలు నెత్తికెక్కింది. మంగళసూత్రాలు నేను తీయలేదు, ఎవరూ అడగలేదు కూడా.

అయినా మనసొప్పకపోతే 'కషికిరి' అని అడగమనండి మీ అబ్బాయిని. అంటే గంటో, ముప్పావుగంటో మీ ఇద్దరికే తాళం ఇచ్చే చిన్న స్నానాల గది. చాలా బసల్లో ఉంటుంది. కానీ ఒక్కసారైనా ఎర్ర తెర దాటి వెళ్ళిరండి.

బీపీ మాటకొస్తే, డాక్టరుని అడగకుండా బయల్దేరకండి. నీళ్ళు 40 డిగ్రీల పైనే ఉంటాయి. ముందు కాళ్ళమీద, నడుంమీద చెంబుడు నీళ్ళు పోసుకుని మెల్లగా దిగాలి. ఐదు నిమిషాలకి పైకొచ్చి కూర్చోవాలి. లేచేటప్పుడు ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, గట్టు పట్టుకోమనండి. అన్నం తినగానే దిగకూడదు, తాగి అసలే దిగకూడదు. స్నానమయ్యాక మంచినీళ్ళు బాగా తాగండి.

ఒసాకా నుంచి 'కోనోతొరి' అనే ఎక్స్‌ప్రెస్ రైలు నేరుగా అక్కడికి వెళ్తుంది. మూడు గంటల లోపే ప్రయాణం. బుల్లెట్ రైలు కాదు, కొండల మధ్య నింపాదిగా పోయే మామూలు రైలు. కోనోతొరి అంటే కొంగజాతి పక్షి. గాయపడ్డ కొంగ ఒకటి ఆ నీళ్ళలో కాలు నయం చేసుకుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు, ఆ చోట ఉన్న స్నానశాలకి కొంగ పేరే. దోచి అనే బౌద్ధ సన్యాసి వెయ్యి రోజులు జపం చేస్తే వేడినీళ్ళు పైకొచ్చాయన్నది ఇంకో కథ. ఊరికి పదమూడు వందల ఏళ్ళంటారు కానీ ఇప్పుడు కనిపించే చెక్క మేడలు అంత పాతవి కావు. 1925లో భూకంపం వచ్చి, మంటలు లేచి ఊరంతా బూడిదైంది. మళ్ళీ కట్టుకున్నారు.

ఆ ఊరివాళ్ళు ఒక మాటంటారు: రైల్వేస్టేషను ఇంటి గుమ్మం, వీధులు వరండాలు, బసలు పడకగదులు, ఏడు స్నానశాలలు స్నానాల గదులు, అంతా కలిపి ఒకే ఇల్లు. ఈ మాట నిజమని సాయంత్రం తెలుస్తుంది. బసలో ఇచ్చిన యుకతా, అంటే పల్చటి నూలు అంగీ, ఒంటికి చుట్టుకుని, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ ఊరంతా వీధిలో పడుతుంది. కాలవ పక్కన నీళ్ళమీదికి వంగిన చెట్లు, చిన్న చిన్న రాతి వంతెనలు. ఒక స్నానశాల నుంచి ఇంకోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి. ఊళ్ళో రాత్రి బస చేసినవాళ్ళకి చీటీ ఇస్తారు, ఏడింటికీ వేరే డబ్బులక్కర్లేదు. కాకపోతే ఒక్కోదానికి ఒక్కో రోజు సెలవు, ముందే చూసుకోండి. యుకతా కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే పద్ధతి. మా అమ్మాయి సరిచేసేదాకా నేను అలాగే వరండాలో తిరిగాను.

మీరు భయపడాల్సింది స్నానానికి కాదమ్మా, భోజనానికి. నవంబరు 6న అక్కడ మంచుపీతల వేట మొదలవుతుంది. కినోసాకి పీతలకి పేరుమోసిన ఊరు, ఆ రోజుల్లో గది ధరలూ పెరుగుతాయి. కార్తికమాసం చూసుకుని మరీ పీతల ఊరికి బయల్దేరుతున్నారు మీరు! రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం గది అద్దెలోనే కలిసి ఉంటాయి, కాబట్టి వంటవాళ్ళకి కొన్ని రోజుల ముందే తెలియాలి. 'మాంసం వద్దు' అంటే చాలదు. మేం అలాగే చెప్పాం. గొడ్డుమాంసం తీసేసి, ఎంతో ప్రేమగా పెద్ద పీతని పెట్టారు. తప్పు వాళ్ళది కాదు, మేం చెప్పిన తీరుది. అదొక్కటే కాదు, చారులాంటి మిసో రసంలోనూ, కూరల్లోనూ ఎండుచేప తురిమి కాచిన నీళ్ళుంటాయి. దాన్ని దాషి అంటారు. మీ అబ్బాయిచేత ఇలా రాయించండి: "నికు తో గ్యోకైరుయి వా తాబెమాసెన్. కత్సువో దాషి మో దమే దెస్." మాంసం, చేపలూ పీతల్లాంటివీ తినం, చేప దాషి కూడా వద్దు అని అర్థం. సముద్రపు నాచు కొంబుతో కాచే దాషి ఉంటుంది, అది చేసిపెట్టమంటే మనకి ఇబ్బంది లేదు.

కందిపొడి, గోంగూర పచ్చడి సీసా పెట్టెలో వేసుకోండి. వాళ్ళ అన్నం ముద్దగా ఉంటుంది, కందిపొడికి బాగానే కుదురుతుంది. పచ్చి కరివేపాకు, మామిడికాయ మాత్రం వద్దు, విమానాశ్రయంలో తీసేస్తారు. ఇంకో మాట, రాత్రి భోజనం ఆరు, ఆరున్నరకే. అయిదింటికల్లా బసకి చేరకపోతే వాళ్ళు కంగారు పడతారు.

మోకాళ్ళ గురించి: భోజనం నేలమీద, పడక కూడా చాపగదిలో నేలమీద పరుపే. గది ఖాయం చేసేటప్పుడే కుర్చీ, మంచం అడిగి ఉంచమనండి. ఆ చాపల మీద చెప్పులతో నడవకూడదు. మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి, వాటితో బయటికి రాకండి. ఈ తప్పు అందరూ చేస్తారు, నేనూ చేశాను.

ప్రశ్న: నా భుజం మీద ఆంజనేయస్వామి పచ్చబొట్టు ఉంది. జపాను స్నానశాలల్లోకి రానివ్వరని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా? (వేళచ్చేరి, చెన్నై)

జవాబు: చాలాచోట్ల నిజమే బాబూ. అక్కడ పచ్చబొట్టంటే యకుజా అనే నేరస్తుల ముఠాలు గుర్తొస్తాయి. కినోసాకిలోని ఏడు స్నానశాలల్లో మాత్రం అభ్యంతరం లేదు. వేరే ఊళ్ళకి వెళ్తే ముందే అడుగు. చిన్నదైతే పైన అంటించే పట్టీలు అమ్ముతారు.

ప్రశ్న: మేం జపానులోనే కుసాత్సు అనే ఇంకో వేణ్ణీళ్ళ బుగ్గల ఊరికి వెళ్తున్నాం. వెండి మట్టెలు తీసేయాలా? (జయనగర్, బెంగళూరు)

జవాబు: తీసి పెట్టెలో పెట్టుకోండి. కుసాత్సువి గంధకం ఉన్న నీళ్ళు, పైగా నిమ్మరసమంత పులుపు. వెండి నల్లబడుతుంది. నీళ్ళు పుట్టినచోట మరీ వేడి, అందుకే పొడవాటి చెక్క పలకలతో తిరగేసి చల్లారుస్తారు, పాటలు పాడుకుంటూ. అది తప్పకుండా చూడండి. బయటికొచ్చాక మళ్ళీ మంచినీళ్ళు పోసుకోండి, మీ చర్మం సున్నితమైతే ఆ నీళ్ళు మండుతాయి.

ప్రశ్న: స్నానశాల లోపల ఒక్క ఫోటో అయినా తీసుకోవచ్చా? (టి.నగర్)

జవాబు: ఫోన్ బుట్టలోంచే తీయకండి. వంతెన మీద యుకతాతో తీసుకోండి, ఎడమ అంచు పైకి.