కెమెరా ఎవరి వైపు ఉంది?

ప్రశ్న: దిక్కులేని పిల్లల్ని ఎలా మోసం చేసి వాడుకుంటారో చూపించే సినిమాలని అందరూ ‘పచ్చి నిజం’ అంటూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం సగం చూసేసరికే కడుపులో తిప్పుతుంది. ఇది పిల్లల బాధని అమ్ముకోవడం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: కొన్ని సినిమాల్లో కచ్చితంగా అమ్ముకోవడమేనండీ. ఘోరం జరిగేటప్పుడు కెమెరా ఎవరి వైపు ఉందో నేను చూస్తాను. ఏడుస్తున్న పిల్లని పైనుంచి కిందిదాకా చూపించి వాస్తవికత అని పేరు పెడితే నాకు ఒళ్లు మండుతుంది.

స్వీడన్ దర్శకుడు లూకాస్ మూడిసన్ 2002లో ‘లిల్యా ఫరెవర్’ తీశాడు. పూర్వపు సోవియట్ ప్రాంతంలో పదహారేళ్ల అమ్మాయి కథ. తల్లి తన ప్రియుడితో అమెరికా వెళ్లిపోతుంది. ఉన్న ఫ్లాట్‌లోంచి బంధువే ఖాళీ చేయిస్తుంది. అప్పుడు ఆండ్రేయ్ పరిచయమవుతాడు. కొట్టడు, తిట్టడు, మర్యాదగా మాట్లాడతాడు. స్వీడన్‌లో ఉద్యోగం ఉందంటాడు. తీరా ప్రయాణం రోజున ‘నువ్వు ముందు వెళ్లు, నేను తర్వాత వస్తా’ అంటాడు. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుని, ఆమెని లోపల పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాత ఆమెని డబ్బిచ్చి కొనుక్కున్న మగవాళ్ల మొహాలని ఆమె కళ్లతోనే మనకి చూపిస్తాడు దర్శకుడు. సిగ్గుపడాల్సింది ఎవరో విడిగా చెప్పక్కర్లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆండ్రేయ్ మంచితనమే. మన సినిమాల్లో విలన్ని ఆమడ దూరం నుంచే గుర్తుపట్టేస్తాం. లిల్యాకి ఆ సౌకర్యం లేదు. ఎవరూ పలకరించని పిల్లని పలకరించినవాడే వాడు.

ఇక తెర బయట ఏం జరిగిందన్నది మరో లెక్క. బ్రెజిల్ సినిమా ‘పిషోచి’లో వీధి బాలుడిగా నటించిన ఫెర్నాండో రామోస్ డ సిల్వా నిజంగానే పేదవాడలోంచి వచ్చినవాడు. సినిమాకి ప్రపంచమంతా పేరొచ్చింది. అతన్ని మాత్రం 1987లో, పంతొమ్మిదేళ్ల వయసులో, పోలీసులు కాల్చి చంపారు. దర్శకుడొక్కడి మీదే నెపం వేయలేను గానీ, ఆ సినిమాని పొగిడేటప్పుడు ఈ సంగతి దాటేయడం నా వల్ల కాదు. మీరా నాయర్ 1988లో ‘సలామ్ బాంబే’ తీశాక, దాని రాబడితో వీధి పిల్లల కోసం సలామ్ బాలక్ ట్రస్ట్ పెట్టారు. అది నాకు నచ్చింది.

సగంలో ఆపేస్తే తప్పేం లేదు, ఇదేమైనా పరీక్షా? ‘లిల్యా’ని మాత్రం ఆమె విమానం ఎక్కేదాకా చూడండి. అక్కడ ఆపేసినా, వల ఎలా పన్నారో మీకు తెలిసిపోతుంది.