ఆవును అమ్మకండి, ముందు కరెంటు పని చేతికి రానివ్వండి

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. సేద్యం, రెండు పాడి ఆవులు. మా వాడు చిత్తూరులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై ఆరు నెలలైంది. పంతొమ్మిదేళ్లు. ఇకమీదట అంతా సోలారేనని, తిరుపతిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ‘సోలార్ ఇంజనీర్’ కోర్సులో చేరతానంటున్నాడు. మూడు నెలలకు 85 వేలు, ఉద్యోగం గ్యారంటీ అన్నారట. ఒక ఆవును అమ్మి, మిగతాదానికి నా చెయిను కుదవ పెట్టాలి. మా తమ్ముడేమో అవన్నీ వద్దు, లైన్‌మన్ పోస్టులు పడేదాకా ఆగమంటున్నాడు. మా పాప పదో తరగతి. అన్నలాగే తనూ ఈ పనికే పోతానంటోంది. ఆడపిల్ల మిద్దెలెక్కి ఏం పని చేస్తుందని ఇంట్లో గొడవ. ఏం చేయాలో తోచక రాస్తున్నాను.

జవాబు: అమ్మా, ఆవును అమ్మకండి. చెయిను మీ మెడలోనే ఉండనివ్వండి. మీ అబ్బాయి ఎంచుకున్న దారి మంచిదే. దానికి 85 వేలు కట్టాల్సిన అవసరం మాత్రం లేదు.

మొదట ఆ కోర్సు పేరు గురించి చెప్తాను. ఐటీఐ తర్వాత మూడు నెలల్లో ఎవరూ ఇంజనీరు కాలేరు. రెండేళ్ల కిందట శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు. ఇలాంటి కోర్సుకే వాళ్ల నాన్న వడ్డీకి తెచ్చి డబ్బు కట్టాడు. మూడు నెలలూ తెర మీద బొమ్మలు చూపించారు. ప్యానెల్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ మూత ఒక్కసారి కూడా తీసి చూపించలేదు. గ్యారంటీ ఉద్యోగమని పంపిస్తే, అక్కడ ప్లాంటు కడుతున్నచోట రోజంతా ప్యానెళ్లు మోయించారు. కట్టడం అయిపోగానే ఇంటికి పంపేశారు. పని చేతగాక వచ్చేశానని ఊళ్లో అనుకుంటున్నారని ఆ పిల్లవాడు బాధపడ్డాడు. తప్పు అతనిది కాదు. అతనికి పని నేర్పలేదు, అంతే.

మీ వాడు ‘అంతా సోలారే’ అనడంలో నిజముంది. 2030 నాటికి బొగ్గు, గ్యాస్ లాంటివి కాకుండా మిగతా వనరుల నుంచి 500 గిగావాట్ల కరెంటు తయారుచేసే సామర్థ్యం సాధించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాలన్నది అనుకున్న లెక్క. ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం నుంచే 78 వేల సబ్సిడీ వస్తోంది. మీకు దగ్గర్లోనే నారావారిపల్లె చుట్టుపక్కలకు వెళ్లి చూడండి, ఇంటింటి మిద్దె మీదా ప్యానెళ్లు కనిపిస్తాయి.

అయితే పని ఎక్కడుందో తెలుసుకోవాలి. సోలార్ అనగానే పిల్లలకు కర్నూలు దగ్గరున్న వెయ్యి మెగావాట్ల పార్కో, నంబులపూలకుంట పార్కో కళ్లముందు కనిపిస్తుంది. అంత పెద్ద ప్లాంటు కట్టేటప్పుడు వందల మంది కావాలి. కట్టాక ప్యానెళ్లు తుడిచేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు చాలు. 2017లో ఢిల్లీలోని పరిశోధన సంస్థ సీఈఈడబ్ల్యూ, అమెరికా పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కలిసి ఒక లెక్క కట్టాయి. నేల మీద కట్టే పెద్ద ప్లాంటులో ఒక మెగావాట్‌కు, అంటే వెయ్యి కిలోవాట్లకు, సుమారు మూడున్నర మందికి ఏడాది పాటు పని దొరికితే, మిద్దెల మీద అదే మెగావాట్ పెట్టడానికి దాదాపు 25 మందికి దొరుకుతుందని తేల్చాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది. మైదానంలో ఒకేచోట వేల ప్యానెళ్లు బిగిస్తారు. ఊళ్లలో అయితే ప్రతి ఇంటికీ వెళ్లి కొలవాలి, ప్రతి మిద్దెకూ వేరేగా స్టాండు కట్టాలి, వైరింగు, ఎర్తింగు, మీటరు అన్నీ విడివిడిగా చేయాలి. అందుకే మీ వాడికి పని పాకాల, చంద్రగిరి, తిరుపతి వీధుల్లోనే ఎక్కువ దొరుకుతుంది.

సోలార్ పంపుల మాట కూడా ఎవరైనా చెప్పి ఉంటారు. రైతులకు సబ్సిడీ మీద వాటిని ఇచ్చే పీఎం కుసుమ్ పథకం 2019లో మొదలైంది. కానీ మన రైతులకు పగలు తొమ్మిది గంటలు ఉచిత కరెంటు వస్తోంది, మన బోర్లేమో వెయ్యి అడుగులకు దిగిపోయాయి. ఆ పని వచ్చినప్పుడు చేసుకోవచ్చు, దాని మీదే బతుకు ఆనించుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మిద్దె మీద సోలార్ పెట్టడమంటే మూడొంతులు కరెంటు పనే. మూడు కిలోవాట్లకు ఇప్పటి ప్యానెళ్లు ఆరు సరిపోతాయి. ఆ ఆరింటినీ వరుసగా కలిపితే మూడు వందల వోల్టులకు దగ్గరగా డీసీ వస్తుంది. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి, నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీ అలా సున్నాకు రాదు. ఒక కనెక్టరు సరిగ్గా నొక్కుకోకపోతే, లోపల పుట్టిన మంట అలాగే నిలిచి మండుతుంది. పైగా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపేశాం కదా అనుకుని వైరు పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇవి తెరమీద చూసి వచ్చే చదువులు కావు. కనెక్టరును వైరుకు నొక్కి బిగించిన (క్రింపింగ్ చేసిన) చేతికి, మెగ్గర్ అనే మీటరు పెట్టి వైరు ఇన్సులేషన్ చూసిన కంటికి మాత్రమే వస్తాయి.

మిద్దె సంగతి కూడా తెలియాలి. స్టాండు కోసం ఇష్టం వచ్చినచోట డ్రిల్లింగ్ చేస్తే వానాకాలంలో కింద గదిలోకి నీళ్లు దిగుతాయి. 2021 నవంబరు వానలు చూసిన తిరుపతి వాళ్లెవరూ ఆ మాట తేలిగ్గా తీసుకోరు. గాలివానకు లేచిపోకుండా స్టాండు నిలవాలి. మన దగ్గర ప్యానెళ్లను దక్షిణానికి తిప్పి పదమూడు డిగ్రీల దాకా వాలుగా పెడతారు. పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా మొత్తం వరుస ఉత్పత్తి తగ్గుతుంది. మూడు కిలోవాట్లకు రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు రావాలి. అంతకు బాగా తగ్గితే ఎందుకు తగ్గిందో కనిపెట్టగలిగినవాడికే ఈ రంగంలో విలువ. బిగించేవాళ్లు చాలామంది దొరుకుతారు. చెడిపోతే సరిచేసేవాళ్లు తక్కువ. సూర్యఘర్ కింద పెట్టిన కంపెనీ ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాలన్న షరతు ఉంది. అంటే ఇవాళ పెట్టిన ప్రతి ఇంటికీ రేపు మళ్లీ మనిషి వెళ్లాల్సిందే.

అందుకని మీ అబ్బాయికి నేను చెప్పే దారి ఇది. ముందు ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయనివ్వండి. ఐటీఐ సర్టిఫికెట్‌తో కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పని నేర్పుతూ స్టైపెండ్ ఇస్తారు, ఎదురు డబ్బు కట్టక్కర్లేదు. చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లస్టరు, శ్రీసిటీ కంపెనీలు, తిరుపతిలోనే హెడ్డాఫీసు ఉన్న కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్, వీటన్నింటిలో ఖాళీలు ఎప్పుడు పడతాయో పోర్టల్‌లో వారానికోసారి చూస్తూ ఉండమనండి. చిత్తూరు ఐటీఐలో తనకు పాఠం చెప్పిన సారును కలవమనండి. పాసై బయటికొచ్చాక కాలేజీ ముఖం చూడకూడదని మన పిల్లలు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. అప్రెంటిస్‌లు కావాలని కంపెనీలు మొదట అడిగేది ఆ సార్లనే.

సోలార్ శిక్షణ ఆ తర్వాత, లేదా కుదిరితే అప్రెంటిస్‌షిప్ దొరికేలోపు. ‘సూర్యమిత్ర’ అనే శిక్షణను కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టింది. జాతీయ సౌరశక్తి సంస్థ దీన్ని నడిపిస్తుంది. సుమారు మూడు నెలలు, ఫీజు లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్ లాంటి ట్రేడ్లు చదివిన మీ వాడిలాంటి పిల్లల కోసమే పెట్టింది. బ్యాచ్‌లు ఎప్పుడు, ఏ ఊళ్లో అన్నది మారుతుంటుంది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనూ, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ తిరుపతి ఆఫీసులోనూ అడగాలి. మీరు 85 వేలు పెట్టి కొనబోతున్న చదువు ఇదేనమ్మా, ఇంతకంటే గట్టిది కాదు.

వైర్‌మన్ పర్మిట్ కూడా తీసుకోమనండి. ఇది ఎవరూ చెప్పరు. కరెంటు పనులు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు చేతుల మీదుగానే జరగాలి, ఆయనకు పర్మిట్ ఉన్న మనుషులు కావాలి. ఆ కాగితం ఉన్నవాడు కూలీ లెక్కలోంచి పనివాడి లెక్కలోకి వస్తాడు. నాలుగైదేళ్ల తర్వాత సొంతంగా పనులు పట్టుకోవాలన్నా మొదటి మెట్టు అదే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మొదటి ఏడాది చేతికొచ్చే డబ్బు చూస్తే మీకు నిరాశ కలుగుతుంది. మేనెల ఎండలో మిద్దె మీద పని, ఇనుప స్టాండ్లు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మీరు భయపడాల్సింది మాత్రం జీతం గురించి కాదు, బెల్టు గురించి. ఎత్తులో పనిచేసేటప్పుడు నడుముకీ భుజాలకీ కట్టే సేఫ్టీ బెల్టు, హెల్మెట్, రబ్బరు గ్లవ్స్ ఇవ్వని కాంట్రాక్టరు దగ్గర ఒక్కరోజు కూడా ఉంచకండి. ‘ఒక్క అంతస్తే కదా’ అంటారు. ఒక్క అంతస్తు మీదినుంచి పడి నడుము విరిగినవాళ్లు ఉన్నారు.

ఇంత చెప్పినా మీ వాడు ఆ ఇన్‌స్టిట్యూట్ వైపే మొగ్గితే, డబ్బు కట్టకముందు మీరూ వెంట వెళ్లండి. సర్టిఫికెట్ ఎవరిస్తారు, దానికి ఎన్‌సీవీఈటీ (కేంద్రం పెట్టిన వృత్తివిద్య, శిక్షణ మండలి) గుర్తింపు ఉందా అని అడగండి. పిల్లలు చేత్తో పనిచేసే ప్యానెళ్లు, ఇన్వర్టరు ఎక్కడున్నాయో చూపించమనండి. కిందటి బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి, అక్కడే నిలబడి వాళ్లతో మాట్లాడండి. గ్యారంటీ ఉద్యోగమన్న మాట కాగితం మీద రాసివ్వమనండి. నీళ్లు నమిలితే ఇంటికొచ్చేయండి.

మీ తమ్ముడి మాటను నేను కొట్టేయను. లైన్‌మన్ ఉద్యోగం మంచి ఉద్యోగం, మీ వాడికి దానికి కావలసిన చదువుంది. మన దగ్గర ఆ ఎంపికలో స్తంభం ఎక్కడం, మీటరు రీడింగు, సైకిలు తొక్కడం కూడా చూశారు. పోస్టులు పడినప్పుడు తప్పకుండా రాయనివ్వండి. కానీ అది పడేదాకా ఇంట్లో కూర్చుంటే ఐటీఐలో నేర్చుకున్నది చేతుల్లోంచి పోతుంది. ఏడాది ఖాళీగా ఉన్న ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవరు. రోజూ పనిలో ఉన్నవాడికి స్తంభమెక్కే పరీక్ష కూడా తేలికే.

పాప విషయం. తనకు లెక్కలు బాగా వస్తే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి. తిరుపతిలోనే శ్రీ పద్మావతి మహిళా పాలిటెక్నిక్ ఉంది. మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తే, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. మిద్దె ఎక్కడం ఈ రంగంలో ఒక పని మాత్రమే. ఇంటి కొలతలు, నీడ లెక్క చూసి ఎన్ని ప్యానెళ్లు పడతాయో డిజైన్ చేయాలి, మిగిలిన సోలార్ కరెంటును లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగు కోసం కరెంటు పంపిణీ సంస్థతో (డిస్కంతో) కాగితాలు నడపాలి, ప్లాంటు ఉత్పత్తిని కంప్యూటర్లో గమనించాలి, బ్యాటరీ ఫ్యాక్టరీలో టెస్టింగు చేయాలి. వీటన్నింటికీ మనుషులు కావాలి. ఇక మిద్దెనే ఎక్కుతానంటే ఎక్కనివ్వండమ్మా. పొలంలో కలుపు తీసి, పేడెత్తి, పాల క్యాను మోసే ఆడవాళ్లకు మిద్దె మెట్లు కష్టమని మన ఇళ్లలో ఎలా అనుకుంటారో! అన్నకు చెప్పిన బెల్టు, హెల్మెట్ మాటే తనకూ.

ఈ వారంలో చేయాల్సింది మూడే పనులు. ఐటీఐ మార్కుల మెమో, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించండి. సూర్యమిత్ర బ్యాచ్ గురించి కనుక్కోమనండి. ఒక రోజు చిత్తూరు వెళ్లి సారును కలవమనండి. ఏదైనా కంపెనీ నుంచి ఆర్డరు వస్తే సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకు పంపండి. స్టైపెండ్ ఎంత, పని ఎక్కడ, ఎన్ని నెలలు అన్నవి చూసి రెండు రోజుల్లో జవాబు రాస్తాను.